ఎనిమిది తాళాల ఉత్తరం: గుంటూరు ప్రాజెక్టు డైరీ

జూన్ 7, 2025, శనివారం

ఇవాళ ఈ పని ఒప్పుకున్నాను: ఒక బృందం ఈమెయిళ్లను వాళ్లు తప్ప వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసే ఏర్పాటు చేయడం. గుంటూరులో మాకు బాగా తెలిసిన చిన్న బృందం ఒకటుంది. ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్లకు తలదాచుకునే చోటు చూడటం, కోర్టు కాగితాలు సిద్ధం చేయించడం, పిల్లల్ని మళ్లీ బడిలో చేర్పించడం వాళ్ల పని. మొత్తం ఏడుగురు. ఇద్దరు కౌన్సెలర్లు, లాయరు గారు, డాక్టరమ్మ, లెక్కలు చూసే అకౌంటెంట్ గారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ (అందరూ పెద్ద టీచరు గారనే పిలుస్తారు), డాలస్‌లో ఉంటూ విరాళాలూ ఇంగ్లిష్ ఉత్తరాలూ చూసే అక్క. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి నేను ఎనిమిదోవాణ్ని.

ఇన్నాళ్లూ కేసు కాగితాలు మామూలు ఈమెయిల్లోనే తిరిగాయి. ఎక్సెల్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది గానీ, ఏళ్ల తరబడి అదొక్కటే, బృందంలోకి వచ్చి వెళ్లిపోయినవాళ్లందరికీ తెలుసు. పోయిన నెల ఒక కౌన్సెలర్ లాయరు గారికి మెయిల్ రాస్తూ మొదటి మూడక్షరాలు కొట్టగానే మిగతా పేరు దానంతటదే వచ్చేసింది. చూసుకోలేదు. అది అదే పేరున్న ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుది. ఒకావిడ కొత్తగా అద్దెకు దిగిన ఇంటి అడ్రసు ఆయనకు వెళ్లింది. ఆయన మంచి మనిషి, వెంటనే ఫోన్ చేసి చెప్పి మెయిల్ తీసేశాడు. అయినా ఎందుకైనా మంచిదని ఆవిణ్ని, ఇద్దరు పిల్లల్ని రాత్రికి రాత్రే ఇల్లు మార్పించారు. వారం కిందటే సామాన్లు సర్దుకున్న మనిషి మళ్లీ మూట కట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి విన్నాక నాకు వేరే ఆలోచన రాలేదు.

లాయరు గారు మొదట అడిగింది: "నా దగ్గర డీఎస్‌సీ టోకెన్ ఉంది కదా, దాంతో కుదరదా?" మంచి ప్రశ్న. డీఎస్‌సీ అంటే కంప్యూటర్లో డిజిటల్ సంతకం పెట్టే సర్టిఫికెట్, టోకెన్ అంటే అది ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం. అకౌంటెంట్ గారి దగ్గరా అలాంటిదే ఉంది. కానీ వాళ్లిద్దరివీ సంతకం కోసం ఇచ్చిన సర్టిఫికెట్లు. ఎన్‌క్రిప్షన్‌కు, అంటే ఉత్తరం వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేయడానికి, వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి. అలా ప్రతి ఒక్కరూ డబ్బు కట్టి తీసుకుని, గడువు తీరినప్పుడల్లా మళ్లీ కొనుక్కోవాలి. పెద్ద టీచరు గారికీ కౌన్సెలర్లకూ అది భారం.

సందేశాలకు తాళం వేసి పంపే సిగ్నల్ యాప్ వాడొచ్చు కదా అని డాలస్ అక్క. వాడాలి. అర్ధరాత్రి "ఎక్కడున్నారు, బయల్దేరారా" అనే మాటలకు సిగ్నలే సరైంది, ఆ మాటే అక్కకు చెప్పాను. కానీ కేసు కాగితాలు ఏళ్ల తరబడి దాచుకోవాలి, వెతికితే దొరకాలి, కంప్యూటర్లో తెరిచి ప్రింటు తీయాలి. వాళ్ల పని అలవాటు ఈమెయిల్‌కే ముడిపడి ఉంది.

కాబట్టి ఓపెన్‌పీజీపీ. ఈమెయిళ్లకూ ఫైళ్లకూ తాళం వేసే పద్ధతి ఇది, 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పీజీపీ నుంచి వచ్చింది. ల్యాప్‌టాపుల్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం, ఫోన్లలో కే-నైన్ మెయిల్ యాప్‌తో పాటు కీలు చూసుకునే ఓపెన్‌కీచెయిన్. అన్నీ ఉచితం.

ఒక షరతు పెట్టాను. ట్రయల్ పూర్తయ్యే దాకా అసలు కేసు కాగితం ఒక్కటి కూడా ఈ దారిలో వెళ్లకూడదు. కల్పించిన పేర్లతో ఒక డమ్మీ కేసు తయారు చేశాను.

జూన్ 8, ఆదివారం

నిన్న రాత్రి తప్పు దారిలో మొదలుపెట్టాను. గ్రూపు అంతటికీ కలిపి ఒకే కీ తయారు చేసి, దాని ప్రైవేట్ కీని ఎనిమిది మందికీ ఇచ్చేస్తే సులువు అనిపించింది. ఒకే తాళం, ఎనిమిది నకలు చెవులు. గంటలో అయిపోయే పని.

పొద్దున కాఫీ తాగుతూ ఆలోచిస్తే అర్థమైంది, అది మళ్లీ ఆ ఎక్సెల్ పాస్‌వర్డే. ఒక్కరి ల్యాప్‌టాప్ పోతే అందరి ఉత్తరాలూ పోయినట్టే. ఒకరు బృందం విడిచి వెళ్తే మిగతా అందరూ తాళం మార్చుకోవాలి. ఎవరు సంతకం పెట్టారో కూడా తెలియదు, ఎనిమిది మందీ ఒకే సంతకం పెడతారు కాబట్టి. కీని చెరిపేసి మళ్లీ మొదటికొచ్చాను.

అసలు పద్ధతి ఇంతకంటే చాలా బాగుంటుంది. పెద్ద టీచరు గారికి ఫోన్లో ఇలా చెప్పాను. మీ దగ్గర తాళం కప్పలు బోలెడున్నాయి, చెవి మాత్రం ఒక్కటే. కప్పలు ఊరందరికీ పంచేయండి, అది పబ్లిక్ కీ. చెవి మీ దగ్గరే దాచుకోండి, అది ప్రైవేట్ కీ. కప్ప నొక్కి తాళం వేయడం ఎవరైనా చేయొచ్చు, తీయగలిగేది మీరొక్కరే.

"మరి ఎనిమిది మందికి ఒకే ఉత్తరమైతే ఎనిమిది పెట్టెలు చేస్తావా?" అని అడిగారావిడ.

చేయక్కర్లేదు. ఉత్తరం ఒకే ఇనప్పెట్టెలో పెడతాం. ఆ పెట్టెకు అప్పటికప్పుడు ఒక కొత్త చెవి పుడుతుంది, ఆ ఒక్క ఉత్తరానికే. ఆ చెవికి ఎనిమిది నకళ్లు తీసి, ఒక్కోదాన్నీ ఒక్కో చిన్న డబ్బాలో పెట్టి, ఒక్కో డబ్బాకూ ఒక్కొక్కరి కప్ప వేస్తాం. ఇనప్పెట్టె, ఎనిమిది డబ్బాలు కలిపి ఒకే మూటగా అందరికీ వెళ్తుంది. ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని, అందులో చెవితో పెట్టె తీస్తారు. ఆవిడ కాసేపు ఆగి, "అయితే తొమ్మిదోవాడికి డబ్బా లేదు" అన్నారు. అంతే. ఆ ఇన్సూరెన్స్ ఏజెంటుకు డబ్బా లేదు. ఆయన పేరు పొరపాటున పడితే థండర్‌బర్డ్ అతని కీ దొరకలేదని ఆగిపోతుంది, మెయిల్ కదలదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సంగతే.

జూన్ 14, శనివారం

చెప్పింది నిజమో కాదో కళ్లారా చూడాలని నా కంప్యూటర్లో జీఎన్‌యూపీజీ అనే ఓపెన్‌పీజీపీ ప్రోగ్రాంతో ఎనిమిది ఉత్తుత్తి కీలు చేసి పరీక్షించాను. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలును లిస్ట్-ప్యాకెట్స్ ఆప్షన్‌తో విప్పితే వరసగా ఎనిమిది చిన్న ప్యాకెట్లు, వాటి వెనక ఒకే పెద్ద ప్యాకెట్. టీచరు గారికి చెప్పిన మూట అచ్చం అలాగే ఉంది.

ఒక్కో డబ్బా బరువు ఎంత? కీల్లో ఈసీసీ, ఆర్ఎస్ఏ అని రకాలున్నాయి. ఈసీసీ రకం కీకి సుమారు 100 బైట్లు, ఆర్ఎస్ఏ 4096 కీకి 500 పైచిలుకు. ఎనిమిది మందికి కలిపినా ఒక చిన్న ఫొటో ముందు ఏ లెక్కా కాదు. బరువు పెరిగేది అటాచ్‌మెంట్ దగ్గర. ఫైలు ఒకసారి బేస్64లోకి, అంటే ఈమెయిల్ మోయగలిగే మామూలు అక్షరాల రూపంలోకి, మారి మూడో వంతు పెరుగుతుంది, ఎన్‌క్రిప్ట్ అయ్యాక మళ్లీ ఇంకోసారి మారుతుంది. మధ్యలో కుదింపు జరగకపోతే 10 ఎంబీ ఫైలు 18 ఎంబీకి దగ్గరవుతుంది. 25 ఎంబీ దాటితే జీమెయిల్ పంపనివ్వదు. అందుకని స్కాన్ చేసిన కోర్టు కాగితాలు ఒక్కో మెయిల్లో 12 ఎంబీ దాటొద్దని అందరికీ చెప్పాలి.

అసలు చూడాల్సింది బీసీసీ, అంటే మిగతావాళ్లకు పేరు కనిపించకుండా నకలు పంపే గడి. బాధితురాలికి సొంత కీ ఉంటే, గ్రూపుకు పంపే మెయిల్నే ఆమెకూ బీసీసీలో పెట్టొచ్చా అని కౌన్సెలర్ అడిగింది. పరీక్షించి చూశాను. మెయిల్ పైభాగంలో బీసీసీ పేరు కనిపించదు, నిజమే. కానీ ఒక్కో డబ్బా మీద అది ఎవరిదో తెలిపే 16 అక్షరాల కీ ఐడీ బయటే రాసి ఉంటుంది. అందుకున్నవాళ్లెవరైనా, దారిలో పట్టుకున్నవాళ్లెవరైనా ఆ ఐడీలు చదవొచ్చు. ఆ వ్యక్తి పబ్లిక్ కీ తమ దగ్గర ఉంటే పేరు కూడా వచ్చేస్తుంది. నా తెరమీద అలాగే వచ్చింది, దాచాననుకున్న పేరు ఎదురుగా.

ఐడీ దాచే ఆప్షన్ జీఎన్‌యూపీజీలో ఉంది, హిడెన్ రెసిపియెంట్ అంటారు. దాంతో పంపితే ఐడీ చోట పదహారు సున్నాలు పడతాయి. తెరిచేవాడి ప్రోగ్రాం తన దగ్గరున్న ప్రైవేట్ కీలన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటుంది. అప్పుడు కూడా డబ్బాలు ఎన్నో లెక్కపెట్టొచ్చు. ఎనిమిది మంది గ్రూపులో తొమ్మిదో డబ్బా కనిపిస్తే, ఎవరో ఒకరు అదనంగా ఉన్నారని తెలిసిపోతుంది.

కాబట్టి నిర్ణయం: బీసీసీ పూర్తిగా బంద్. బాధితురాలికి రాయాలంటే వేరే మెయిల్, ఆమె ఒక్కరికే.

జూన్ 22, ఆదివారం

రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి కీలు చేయించాను. అందరివీ థండర్‌బర్డ్‌లోనే చేయించాను, కావాలనే. జీఎన్‌యూపీజీ 2.3 నుంచి చేసే కొత్త కీలు ఓసీబీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి తమకు వచ్చని ప్రకటించుకుంటాయి. అది అన్ని ప్రోగ్రాములకూ చదవడం రాదు. గ్రూపుకు పంపేటప్పుడు ప్రోగ్రాం అందరి కీలలో రాసున్న ఇష్టాలు చూసి, అందరికీ అర్థమయ్యే పద్ధతినే ఎంచుకుంటుంది. కీలో రాసింది ఒకటి, వాళ్లు వాడే ప్రోగ్రాం ఇంకొకటి అయితే ఆ లెక్క తప్పుతుంది.

డాక్టరమ్మ దగ్గర ఇదివరకే ఒక కీ ఉంది. వేరే పని కోసం రెండేళ్ల కిందట చేసుకున్నదట. పనిచేస్తోంది, అదే ఉంచాం.

ప్రైవేట్ కీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో, దాని పాస్‌వర్డ్ కాగితం మీద, రెండూ వేర్వేరు చోట్ల. పెద్ద టీచరు గారు కాగితాన్ని కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట సంతకం చేసి బీరువాలో పెట్టారు. ప్రశ్నపత్రాల కట్ట దాచినంత జాగ్రత్తగా. ఒకవేళ ల్యాప్‌టాప్ పోతే కీ చెల్లదని ప్రకటించే రివొకేషన్ సర్టిఫికెట్ కూడా అందులోనే.

జూలై 6, ఆదివారం

ఇవాళ్టి రోజు కోసమే ఈ డైరీ మొదలుపెట్టానేమో అనిపిస్తోంది.

కీ అందగానే సరిపోదు. ఆ కీ నిజంగా ఆ మనిషిదే అని చూసుకోవాలి. లాయరు గారి పేరుతో ఇంకెవరో కీ చేసి పంపితే, మనం భక్తిగా వాళ్ల కప్పే వేసి పంపిస్తాం. అందుకే ఫింగర్‌ప్రింట్, అంటే ఒక్కో కీకి ఉండే ప్రత్యేకమైన గుర్తు, సరిచూడాలి. నాలుగేసి అక్షరాల చొప్పున పది గుంపులు, మొత్తం 40 (అన్నీ అంకెలు, లేదా ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు). ఎనిమిది మందిలో ప్రతి ఇద్దరూ ఒకరిదొకరు ఫోన్లో సరిచూసుకోవాలంటే 28 ఫోన్ కాల్స్. ఎవరూ చేయరు. చేశామని చెప్పి టిక్కు పెట్టేస్తారు.

అందుకని అందర్నీ సాయంత్రం ఆరున్నరకు పెద్ద టీచరు గారింటికి రమ్మన్నాను. డాలస్‌లో అప్పుడు పొద్దున ఎనిమిది, అక్క వీడియోలో కూర్చుంది. ఎనిమిది ఫింగర్‌ప్రింట్లూ ఒకే కాగితం మీద ప్రింటు తీసి తలా ఒకటి ఇచ్చాను. పద్ధతి ఇదీ: ఎవరిది వాళ్లు తమ ల్యాప్‌టాప్ లేదా ఫోన్ తెర మీద చూసి పైకి చదవాలి, మిగతావాళ్లు చేతిలో కాగితం చూసి గుంపు గుంపుకూ టిక్కు పెట్టాలి. చదివేవాళ్లు కాగితం చూడకూడదు.

మొదటి రెండు నిమిషాల్లోనే చిక్కు. బీ, సీ, డీ, ఈ అన్నీ వీడియోలో ఒకేలా వినిపిస్తున్నాయి. అక్క మూడుసార్లు మళ్లీ అడిగింది. అప్పుడు చిన్న కౌన్సెలర్ ఊళ్ల పేర్లు పెట్టుకుందామంది. ఏ అంటే అమలాపురం, బీ బాపట్ల, సీ చీరాల, డీ దర్శి, ఈ ఏలూరు. ఎఫ్‌కు ఊరు తట్టలేదు, తల మీద తిరుగుతున్నది ఫ్యాను కాబట్టి ఫ్యానే ఖాయమైంది. ఇక్కడ నుంచి గది అంతా మారిపోయింది. "ఏడు, బాపట్ల, సున్నా, ఫ్యాను" అని డాక్టరమ్మ చదువుతుంటే పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పెద్ద టీచరు గారు కళ్లజోడు ముక్కు మీదికి దించి, కాగితం కింద స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా జరుపుతున్నారు. అకౌంటెంట్ గారి వంతు వచ్చింది. ఆయన మొదటి నాలుగు అక్షరాలు చదవగానే ఆవిడ స్కేలు ఎత్తి, "ఆగండి, నా కాగితంలో అలా లేదు" అన్నారు. మళ్లీ చదివించాం. నా కాగితంలోనూ లేదు. ఎవరి కాగితంలోనూ లేదు. నాకు ఒళ్లు చల్లబడింది.

సంగతేమిటంటే, ఆయన వారం కిందట పాస్‌వర్డ్ మర్చిపోయి, నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని తనే కొత్త కీ చేసుకున్నారు. కొత్త పబ్లిక్ కీ మాకు పంపాలని ఆయనకు తెలియదు. నేను ప్రింటు తీసింది పాత కీ. ఆ గదిలో సరిచూడకపోతే రేపటి నుంచి మేమందరం ఆయనకు పాత కప్ప వేసి పంపేవాళ్లం, ఆయన ఒక్క ఉత్తరం కూడా తెరవలేకపోయేవారు. ఈసారి కారణం చిన్నది. కానీ వేరేవాళ్లు మధ్యలో దూరి కీ మార్చేసినా మాకు కనిపించేది సరిగ్గా ఇలాగే. అది అందరికీ ఒకేసారి అర్థమైంది, నేను వేరే పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్కడికక్కడే కొత్త కీ పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, అందరి కాగితాల్లో పాతది కొట్టేయించి, కొత్తది చేత్తో రాయించాం. తర్వాత అందరూ తమ తమ కీ జాబితాల్లో, స్వయంగా సరిచూశాను అనే గడి ఎంచుకున్నారు. పూర్తయ్యేసరికి ఎనిమిదింపావు. ఉప్మా చల్లారిపోయింది, వేడి చేసి మళ్లీ పెట్టారు.

జూలై 13, ఆదివారం

గ్రూపుకు ఒకే అడ్రసు పెట్టాలా, వద్దా? ఇదే వారమంతా నలిగింది.

ఒక దారి ష్లాయిడర్. ఎన్‌క్రిప్ట్ చేసే మెయిలింగ్ లిస్టు సాఫ్ట్‌వేర్. లిస్టుకే సొంత కీ ఉంటుంది. మనం లిస్టు కీకి పంపితే, సర్వర్ దాన్ని విప్పి, ఒక్కొక్కరి కీతో మళ్లీ తాళం వేసి పంచుతుంది. సభ్యులు ఒక్క కీ గుర్తుంచుకుంటే చాలు, ఆ సుఖం చాలా పెద్దది. కానీ సర్వర్లో కాసేపైనా ఉత్తరం విప్పి ఉంటుంది, ఆ సర్వర్‌ను చూసుకునే మనిషి కావాలి. నేనొక్కణ్నే ఆ మనిషిని, రేపు నాకు జ్వరమొస్తే? ఈ బృందానికి అది సరిపడదు.

రెండో దారి, మామూలు ఫార్వర్డింగ్ అడ్రసు ఒకటి పెట్టి, థండర్‌బర్డ్‌లో ఏలియాస్ ఫైలు రాసి, ఈ అడ్రసుకు ఈ కీలన్నీ వాడు అని చెప్పడం. దారిలో సర్వర్ ఏదీ విప్పదు. పరీక్షిస్తే బాగానే పనిచేసింది. చిక్కల్లా ఆ ఫైలు ప్రతి ల్యాప్‌టాప్‌లో విడివిడిగా ఉండాలి. ఒకరి ఫైలులో ఏడు కీలు, ఇంకొకరి దాంట్లో ఆరు ఉంటే, ఆరు ఉన్నవాళ్లు పంపిన ఉత్తరం ఒకరికి తెరుచుకోదు, ఎందుకో ఎవరికీ తోచదు. ఫోన్ మాత్రమే వాడే ఇద్దరికి ఆ సదుపాయమూ లేదు.

చివరికి అన్నిటికంటే సాదాదే తీసుకున్నాం. అడ్రసు పుస్తకంలో ఒక లిస్టు, పంపే ముందు లిస్టు పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పాండ్ కొడితే పేర్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఎవరికి వెళ్తోందో కళ్లతో చూసి పంపడం. ఈ పనిలో ఆ చూపు అవసరం.

మిగతా సర్దుబాట్లు త్వరగా రాస్తాను. డ్రాఫ్టులు కూడా ఎన్‌క్రిప్ట్ చేసి దాచే గడి టిక్ చేయించాను, లేకపోతే సగం రాసిన ఉత్తరం సర్వర్లో బట్టబయలుగా ఉంటుంది. రంగులూ బొమ్మలూ లింకులతో వచ్చే హెచ్‌టీఎంఎల్ రూపం ఆపి సాదా టెక్స్ట్ పెట్టించాను, 2018లో బయటపడ్డ ఈఫెయిల్ లోపం హెచ్‌టీఎంఎల్ దారిలోనే విప్పిన ఉత్తరాన్ని బయటికి లాగింది. సబ్జెక్ట్ లైను థండర్‌బర్డ్ దాస్తుంది, బయట మూడు చుక్కలే కనిపిస్తాయి, కానీ అన్ని ప్రోగ్రాములూ అలా చేయవు, అందుకని సబ్జెక్టులో పేరూ ఊరూ రాయొద్దన్నాం. కేసు నంబరు చాలు.

ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంత పెద్ద మెయిల్ పంపారు అన్నది మాత్రం ఏ తాళమూ దాచదు. లాయరు గారు ఇది రెండుసార్లు అడిగి రాసుకున్నారు. లైంగిక నేరాల కేసుల్లో బాధితురాలి వివరాలు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద జైలు శిక్ష ఉందని ఆయనే అందరికీ గుర్తుచేశారు.

ఆగస్టు 3, ఆదివారం

రాత్రి పదకొండు దాటింది. ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. నిద్ర పట్టేలా లేదు, రాసుకుంటున్నాను.

తొమ్మిదిన్నరకు చిన్న కౌన్సెలర్ నుంచి మెయిల్ వచ్చింది. తెరిచాను. పైన తాళం గుర్తు లేదు. మామూలు ఉత్తరం. కిందకు వెళ్తే, ఈ నెలంతా డమ్మీ కేసు మీద మేం రాసుకున్న ఐదు ఉత్తరాలూ కోట్ అయ్యి వరసగా ఉన్నాయి. కల్పించిన అడ్రసు, కల్పించిన బడి పేరు, పిల్లవాడు బడి నుంచి వచ్చే టైము, అన్నీ.

ఐదు నిమిషాల్లో ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. "అన్నయ్యా, సెండ్ కొడితే వెళ్లలేదు. ఎవరిదో కీ ప్రాబ్లెమ్ అంది. అర్జెంటుగా వెళ్లాలి కదా అని ఎన్‌క్రిప్ట్ తీసేసి కొట్టేశా. కొట్టాక అర్థమైంది ఏం చేశానో."

కారణం దొరకడానికి నిమిషం పట్టలేదు. డాక్టరమ్మ పాత కీ గడువు జూలై 31న తీరింది. గడువు తీరిన కీకి ప్రోగ్రాం తాళం వేయదు, వేయకూడదు. ఒక్కరి కీ చెల్లకపోతే ఎనిమిది మందికి వెళ్లాల్సిన ఉత్తరం మొత్తం ఆగుతుంది. అప్పుడు తెర ముందు కూర్చున్న మనిషికి రెండే దారులు కనిపిస్తాయి, ఆపేయడం, లేదా తాళం తీసి పంపడం. తొందరలో ఉన్నవాళ్లు రెండోదే చేస్తారు. ఆ అమ్మాయి తప్పు కాదిది. జూన్ 22న డాక్టరమ్మ కీ చూసినప్పుడు దాని గడువు తేదీ రాసుకోవాల్సింది నేను. ఆ మాటే ఆమెకు చెప్పాను.

ఇంకో సంగతి ఇవాళ్టి దాకా నాకు ఇంత గట్టిగా తట్టలేదు. గ్రూపులో ఏడుగురు ఎంత జాగ్రత్తగా తాళం వేసినా, ఒక్కరి ఒక్క రిప్లయ్ తాళం లేకుండా వెళ్తే అందరి ఉత్తరాలూ కోట్‌లో బయటపడతాయి. ఎనిమిది తాళాలున్నాయని ఎనిమిది రెట్ల బలం కాదు.

అసలు కేసు కాగితాలు రాకముందే ఇది జరగడం ఎంత మంచిదైందో.

ఆగస్టు 10, ఆదివారం

డాక్టరమ్మ కీ గడువు మూడేళ్లు పొడిగించాం. ప్రైవేట్ కీ చేతిలో ఉంటే గడువు తీరాక కూడా పొడిగించుకోవచ్చు, ఫింగర్‌ప్రింట్ మారదు, మళ్లీ సరిచూడక్కర్లేదు. కానీ పొడిగించిన పబ్లిక్ కీని మిగతా అందరూ తిరిగి తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే వాళ్ల కంప్యూటర్ల దృష్టిలో అది ఇంకా చెల్లని కీయే. ఏడుగురి చేతా చేయించి, ఒక్కొక్కరి నుంచీ తిరుగు మెయిల్ వచ్చేదాకా కూర్చున్నాను.

అందరూ కలిసి ఒక నియమం పెట్టుకున్నాం, చిన్న కౌన్సెలరే దాన్ని తన మాటల్లో కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించుకుంది: "ఆగితే మనిషి పేరు తీసెయ్, తాళం తీయకు." ఎవరి కీ అడ్డమొస్తే వాళ్ల పేరు టూ గడిలోంచి తీసి మిగతావాళ్లకు పంపేయాలి, పేరు తీసేసినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. రిప్లయ్‌లో పాత ఉత్తరం కోట్ చేయడం కూడా మానేశాం, థండర్‌బర్డ్ సెట్టింగుల్లోనే ఆపించాను.

గడువు తేదీలన్నీ పెద్ద టీచరు గారి గోడ క్యాలెండర్ దగ్గర అట్ట మీద రాశాం, ఒక్కోదానికీ నెల ముందు తేదీ ఎర్ర సిరాతో. కీ జాబితా బాధ్యత పెద్ద కౌన్సెలర్‌ది. పేరు, ఫింగర్‌ప్రింట్, గడువు, ఇంతే ఉన్న చిన్న ఉత్తరం ప్రతి నెలా ఒకటో తేదీన తన సంతకంతో పంపుతుంది. అందరి దగ్గరా ఒకే జాబితా ఉందని అలా తెలుస్తుంది.

ఆగస్టు 24, ఆదివారం

రెండు వారాల్లో డమ్మీ కేసు మీద 31 ఉత్తరాలు తిరిగాయి. ఒక్కటీ తాళం లేకుండా వెళ్లలేదు. ఫోన్లో ఒకటి తెరుచుకోలేదు, ఓపెన్‌కీచెయిన్‌లో పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, అంతే.

లాయరు గారు మొహమాటపడుతూ అడిగారు. "బాబూ, ఇది అడగొచ్చో లేదో గానీ, రేపటి నుంచి అసలు కేసులు వస్తాయి. అవి నువ్వు చదవాల్సిన అవసరం ఏమైనా ఉందా?"

లేదు. ఆ మాట ముందు నేనే అనాల్సింది. అసలీ పద్ధతి గొప్పతనమే అది, తాళాలు బిగించిన మనిషికి కూడా డబ్బా ఇవ్వకుండా ఉండొచ్చు. పాత పాస్‌వర్డ్ పద్ధతిలో అయితే నాకు తెలిసింది నా బుర్రలోంచి ఎవరూ తీసేయలేరు. ఇక్కడ జాబితాలో ఒక్క వరస కొట్టేస్తే చాలు. మిగతా ఏడుగురిలో ఎవరూ కీ మార్చుకోనక్కర్లేదు, ఫింగర్‌ప్రింట్లు మళ్లీ చదవనక్కర్లేదు. ఇప్పటిదాకా నాకు వచ్చినవి నా దగ్గర తెరుచుకుంటూనే ఉంటాయి, వాటిని వెనక్కి లాగే దారి ఓపెన్‌పీజీపీలో లేదు. కానీ నా దగ్గరున్నవన్నీ డమ్మీ కేసువే.

పెద్ద కౌన్సెలర్ నా ఎదురుగానే లిస్టులోంచి నా పేరు తీసింది, ఏడుగురితో కొత్త జాబితా రాసి సంతకం చేసి పంపింది. నేను నా మెయిల్ రిఫ్రెష్ చేసి చూశాను. ఏమీ రాలేదు.

రాత్రి ఎనిమిదింటికి మొదటి అసలు ఉత్తరం పంపుతున్నామని పెద్ద టీచరు గారు ఫోన్ చేశారు. లైన్లో ఉండగానే ఆవిడ ఒక్కో పేరూ పైకి చదువుకోవడం వినిపించింది, ఏడు పేర్లు. తర్వాత మౌస్ చప్పుడు.

"వెళ్లిందాండీ?"

"వెళ్లింది నాయనా. ఏడుగురికే."